ఒకే పుస్తకం ఉన్న ట్యాగ్‌లు ఉంచాలా, ఎత్తేయాలా? (కాలిబర్ లైబ్రరీ)

ద్వారకానగర్ రీడర్:
వైజాగ్‌లో మనమంతా కలిసి వాడుకుంటున్న ఈబుక్ లైబ్రరీ సంగతి అండి. ఈబుక్‌లు సర్దుకునే కాలిబర్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే కాలిబర్‌డీబీలో లిస్ట్ కేటగిరీస్ అనే కమాండ్ కొట్టి సీఎస్‌వీ (షీట్‌లో తెరుచుకునే పట్టిక ఫైలు) తీశాను, కేటగిరీ, దాని కింద పేరు, పక్కన ఎన్ని పుస్తకాలు అనేది వరసగా వచ్చేస్తుంది, ట్యాగ్‌లు, అంటే పుస్తకానికి మనం తగిలించే విషయం పేర్లు, ఒక్కటే కావాలంటే మైనస్ ఆర్ పెట్టి ట్యాగ్స్ అంటే చాలు. చూస్తే సగానికి పైగా వాటి పక్కన 1 అనే ఉంది. అవన్నీ తీసేద్దాం అంటాను. ఫోన్‌లో తెరిచినవాళ్ళకి ట్యాగ్‌ల చాంతాడు కనబడుతోంది, కొత్తవాళ్ళు ఏదీ దొరక్క వదిలేస్తున్నారు.

గాజువాక గురూ:
వద్దు గురూ, ఒక్కసారి ఆ 1 ఉన్నవాటిని చదివి చూడు. అందులో ‘ఉక్కు ఉద్యమం’ అని ఒకటుంది. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని జనం రోడ్డెక్కి, కాల్పుల్లో 32 మంది చనిపోయిన ఆ పోరాటం మీద మన దగ్గరున్నది ఒకే పుస్తకం, పైగా దాని పేరులో ఉక్కు అన్న మాటే లేదు. ఆ ట్యాగ్ పీకేస్తే స్టీల్‌ప్లాంట్ గురించి వెతికే పిల్లాడికి అది ఎలా దొరుకుద్ది? మన ఊరి సంగతులన్నీ ఒకటీ రెండే ఉంటాయి, ‘డిటెక్టివ్’ లాగ వందలు ఉండవు కదా.

ఎంవీపీ సెక్టార్:
అసలు ఈ నల్ల స్క్రీన్ కమాండ్ ఎందుకండీ, కాలిబర్ తెరిస్తే ఎడమ పక్క ట్యాగ్ బ్రౌజర్‌లో ఇదే కనబడుతుంది కదా, రైట్ క్లిక్ కొట్టి అక్కడే పేరు మార్చుకోవచ్చు. పైగా కాలిబర్ తెరిచి ఉంటే ఆ కమాండ్ పనిచెయ్యను అంటుంది, మూసెయ్యాలి లేదా కంటెంట్ సర్వర్ (లైబ్రరీని నెట్‌వర్క్‌లో అందించే కాలిబర్ భాగం) ద్వారా వెళ్ళాలి. మన గ్రూపులో పెద్దవాళ్ళు చాలామంది, వాళ్ళని ఇబ్బంది పెట్టొద్దు.

గాజువాక గురూ:
అందరూ కొట్టక్కర్లేదు సార్, ఒకరు కొట్టి ఆ ఫైలు గ్రూపులో పెడితే కాలిబర్ లేనివాళ్ళు కూడా చదువుతారు. ఆ కమాండ్ చూపించడమే తప్ప దేన్నీ మార్చదు కాబట్టి భయం లేదు. బ్రౌజర్‌లో పట్టుకోలేనిది ఇంకోటి ఉంది. ‘సైన్స్’ అని రెండు ట్యాగ్‌లున్నాయి, కంటికి రెండూ ఒకటే. షీట్‌లో పక్క గడిలో పేరు పొడవు లెక్కపెట్టే లెన్ ఫార్ములా పెడితే ఒకదానికి 6 ఇంకోదానికి 7 వచ్చింది, చివర కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు కూర్చుంది. కీబోర్డు పుణ్యం.

ద్వారకానగర్ రీడర్:
అయితే నా మాటే కదా రైటు, ఆ 1లలో చెత్త ఉన్నట్టే కదా.

లైబ్రేరియన్ మేడమ్:
నాయనా, చెత్త ఉంది, కానీ దాన్ని కలపాలి, తీసెయ్యకూడదు. ‘కథలు’, ‘కధలు’ విడివిడిగా ఉన్నాయి. రచయితల్లో రావిశాస్త్రి ఒక చోట, రావి శాస్త్రి ఒక చోట, రాచకొండ విశ్వనాథశాస్త్రి ఇంకో చోట, మన విశాఖ రచయితే మన లైబ్రరీలో ముగ్గురైపోయారు. సరైన పేరు ఒకటి అనుకుని మిగతావాటిని ఆ పేరుకే మారిస్తే కాలిబర్ ఒకదాంట్లో కలిపేస్తుంది, ట్యాగ్‌లకీ అంతే. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమని, అందుకే నేను ద్వారకానగర్ బాబు బాధని కొట్టిపారెయ్యను. కానీ రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. ఆ ఉక్కు పుస్తకానికి పాఠకుడు ఆ ట్యాగ్ పట్టుకునే వస్తాడు.

ఎంవీపీ సెక్టార్:
సరే మేడమ్, మరి ఫోన్‌లో చాంతాడు సంగతి?

లైబ్రేరియన్ మేడమ్:
చుక్క పెట్టి ‘విశాఖ.ఉక్కు ఉద్యమం’, ‘విశాఖ.పోర్టు’ అని మార్చి, ప్రిఫరెన్సెస్‌లో ట్యాగ్స్‌కి హైరార్కీ (ఒకదాని కింద ఒకటి చూపడం) ఆన్ చేస్తే ‘విశాఖ’ కింద ముడుచుకుంటాయి, తెరిచినవాళ్ళకే కనబడతాయి. ముందు పేర్లు కలపడం, తర్వాత ఇది.

ద్వారకానగర్ రీడర్:
పేర్లు కలపడం వరకు ఒప్పుకుంటా అండి. కలిపాక మళ్ళీ లిస్ట్ తీస్తా, అప్పటికీ ‘మంచిది’, ‘చదవాలి’ లాంటివి పక్కన 1తో మిగిలితే మటుకు అవి తీసెయ్యాల్సిందే, దీని మీద నేను తగ్గను.

గాజువాక గురూ:
అవి తీసెయ్, వాటికి నేనూ అడ్డు రాను. ఊరి పేరు, మనిషి పేరు, ఉద్యమం పేరు ఉన్నవి మాత్రం గ్రూపులో అడక్కుండా ముట్టుకోవద్దు.