క్రెడిట్ స్కోరు బాగోలేనప్పుడు రెండు హోమ్ లోన్ ఆఫర్లు: ఏది నిజంగా చవక?

కొత్తగడప

అప్పు 40 లక్షలు, గడువు 20 ఏళ్లు. క్రెడిట్ రిపోర్టులో ఆలస్యంగా కట్టిన కార్డు వాయిదాలు కొన్ని, "సెటిల్డ్" అని పడిన పర్సనల్ లోన్ ఒకటి ఉన్నాయి. చేతిలో ఉన్నవి ఈ రెండే:

ఆఫర్ ఏ: వడ్డీ 9 శాతం, ఫీజు 2.5 శాతం (అంటే లక్ష), ముందే తీర్చేసినా పెనాల్టీ లేదు. ఈఎంఐ 35,989.

ఆఫర్ బి: వడ్డీ 9.6 శాతం, ఫీజు లేదు. మొదటి మూడేళ్లలో మూసేస్తే మిగిలిన అసలు మీద 2 శాతం పెనాల్టీ. ఈఎంఐ 37,547.

20 ఏళ్లకీ కూడితే ఫీజుతో కలిపి కూడా 'ఏ' దాదాపు 2.74 లక్షలు తక్కువ పడుతోంది. అయితే స్కోరు కోలుకున్నాక తక్కువ వడ్డీకి వేరే చోటికి మార్చుకోవాలని ఆలోచన. అప్పుడు కూడా 'ఏ'నేనా? ఇంకోటి, 2 లక్షల కార్డు బాకీ ఉంది. దాన్నీ ఇందులోనే కలిపేస్తామంటున్నారు, కలపొచ్చా?

చక్రవడ్డీ

మార్చుకునే ఆలోచన ఉంటే 20 ఏళ్ల మొత్తాన్ని పక్కన పెట్టేయండి. స్కోరు దెబ్బతిన్నవాళ్లకి మొదటి లోన్ రెండు మూడేళ్ల మజిలీ. ఆ కొద్దికాలానికి ఎంత వదులుతుందన్నదే లెక్క.

ఈఎంఐలో తేడా నెలకి 1,558. చాలామంది లక్షని దీంతో భాగించి, 64 నెలలకి ఫీజు గిట్టుబాటు అంటారు. అది సగం లెక్కే. తక్కువ వడ్డీ లోన్‌లో అసలు కూడా కాస్త త్వరగా కరుగుతుంది. మొదటి నెలే చూడండి: 'బి'లో 37,547 కడితే 32,000 వడ్డీకే పోయి అసలులో 5,547 తగ్గుతుంది. 'ఏ'లో కట్టేది తక్కువైనా అసలులో 5,989 తగ్గుతుంది. దీన్ని కూడా కలిపితే గిట్టుబాటు 50వ నెల దగ్గరికి వస్తుంది.

ఇప్పుడు మీ కేసు. మూడేళ్లు నిండాక మూసేస్తే 'ఏ' వల్ల ఈఎంఐలో మిగిలింది 56,080, అసలులో తేడా 16,100. మొత్తం 72,200 దాకా. ఇచ్చిన ఫీజు లక్ష. కాబట్టి 'బి' సుమారు 27,800 చవక.

అదే రెండేళ్లకి మూసేస్తే కథ తిరగబడుతుంది. పెనాల్టీ లేకపోతే 'బి' 51,900 చవక. కానీ మిగిలిన అసలు 38.54 లక్షల మీద 2 శాతం అంటే 77,000 పెనాల్టీ. దాంతో 'బి' పాతిక వేలు ఎక్కువ అవుతుంది. అందుకే 'బి' తీసుకుంటే 37వ నెల ముందు కదలకండి. ఆ మూడేళ్లు సంతకం పెట్టిన రోజు నుంచా, డబ్బు చేతికొచ్చిన రోజు నుంచా, మొదటి ఈఎంఐ నుంచా అన్నది ఒప్పందంలో చూసి పెట్టుకోండి. నెల రోజుల తేడాకి 75 వేలు పోగొట్టుకోవడం వట్టి అజాగ్రత్త.

ఏపీఆర్ (ఫీజుతో కలిపిన వార్షిక రేటు) చూసి తేల్చేయమని ఎవరైనా అంటే ఆగండి. ఫీజుని కూడా వడ్డీలోకి కలిపితే 'ఏ' ఏపీఆర్ దాదాపు 9.36 వస్తుంది, 'బి' 9.6. ఏపీఆర్ ప్రకారం 'ఏ' చవకే. కాకపోతే ఆ అంకె లక్ష ఫీజుని 20 ఏళ్ల మీద పరిచి చెబుతోంది. మీరు మూడేళ్లకే వెళ్లిపోతే లక్షంతా ఆ మూడేళ్ల మీదే పడుతుంది.

ఎక్సెల్‌పిచ్చి

పై లెక్క ఎవరికి వారు వేసుకోవచ్చు. ఎక్సెల్‌లో పీఎంటీ ఫంక్షన్‌కి వడ్డీ 0.096/12, నెలలు 240, అసలు మైనస్ గుర్తుతో 4000000 ఇస్తే ఈఎంఐ వస్తుంది. ఎఫ్‌వీ ఫంక్షన్‌కి అదే నెలవారీ వడ్డీ, నెలలు 36, ఈఎంఐ, మైనస్ అసలు ఇస్తే మూడేళ్ల తర్వాత బాకీ వస్తుంది. ఎక్కువమంది తప్పేది ఒక్కచోటే: 9.6ని 12తో భాగించడం మర్చిపోతారు.

ఒక విషయం అడగాలి. ఆ లక్ష ఫీజు చేతి నుంచి కడతారా, లోన్‌లో కలుపుతారా? కలిపితే 'ఏ' అసలు 41 లక్షలు, ఈఎంఐ 36,889. తేడా నెలకి 658కి పడిపోతుంది, గిట్టుబాటుకి ఆరేళ్లు దాటుతుంది. "ఇప్పుడు జేబులోంచి ఏమీ పోదు" అని చెప్పి కలిపేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఫిక్స్‌డా ఫ్లోటింగా అన్నది కూడా మీరు రాయలేదు. 9 శాతం మొదటి రెండేళ్లకేనని, తర్వాత ఏదో సూచీ (మార్కెట్‌తో పాటు మారే వడ్డీ రేటు) మీద మార్జిన్ (అప్పు ఇచ్చేవాళ్లు వేసే అదనపు శాతం) కలిపి అని ఉంటే పై లెక్కలన్నీ మళ్లీ వేయాలి. ఆఫర్ కాగితంలో నాలుగు చూడండి: ఏ సూచీ, దాని మీద మార్జిన్ ఎంత, ఎన్ని నెలలకోసారి మారుతుంది, ఒక్కసారికి ఎంతకు మించి పెరగకూడదు. సూచీ అందరికీ ఒకటే. స్కోరు బాగోలేనందుకు వేసే అదనం సాధారణంగా మార్జిన్‌లో ఉంటుంది. లోన్ ఉన్నన్నాళ్లూ ఆ మార్జిన్ అలాగే ఉండొచ్చు, తర్వాత స్కోరు పెరిగినా దానంతట అది తగ్గదు.

పాతబాకీ

వడ్డీ సంగతి పైవాళ్లు చెప్పేశారు. నేను రిపోర్టు గురించి.

"సెటిల్డ్" అంటే బాకీలో కొంత వదులుకుని ఖాతా మూసేశారని అర్థం. అప్పు ఇచ్చేవాడి కంటికి అది పూర్తిగా తీర్చినట్టు కాదు. మిగిలిన మొత్తం కట్టి "క్లోజ్డ్"గా మార్పించుకునే వీలుంటే ముందు ఆ పని చూడండి. కానీ డబ్బు కట్టకముందే, కట్టాక రిపోర్టులో ఏమని మారుస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. కట్టాక బాకీ లేదన్న లెటర్ అడగండి. ఫోన్‌లో ఇచ్చిన మాటకి విలువ లేదు.

తర్వాత రిపోర్టు పూర్తి కాపీ తెప్పించి లైను లైనూ చదవండి. ఒకటి కంటే ఎక్కువ బ్యూరోలు (రిపోర్టు తయారుచేసే సంస్థలు) ఉంటే అన్నిటి నుంచీ. ఒకదాంట్లో లేని తప్పు ఇంకోదాంట్లో ఉంటుంది. తరచూ కనిపించేవి: తీర్చేసిన లోన్ ఇంకా నడుస్తున్నట్టు ఉండటం, ఒకే బాకీ అసలు సంస్థ పేరుతో ఒకసారి, వసూలు ఏజెన్సీ పేరుతో ఇంకోసారి పడటం, ఎప్పుడో హామీ సంతకం పెట్టిన వేరేవాళ్ల లోన్, పేరు కలిసిన ఇంకొకరి ఖాతా. ఫిర్యాదు బ్యూరోకీ, ఆ సమాచారం పంపిన సంస్థకీ రెండు చోట్లా వేయాలి. ఒక్క బ్యూరోకే వేస్తే వచ్చే నెల ఆ సంస్థ అదే తప్పు మళ్లీ పంపుతుంది.

త్వరగా కదిలేది కార్డు వాడకం. లక్ష లిమిట్‌లో 90 వేలు వాడినట్టు కనిపిస్తే, గడువులోపే కట్టినా స్కోరు కుంగుతుంది. మామూలుగా బ్యూరోకి వెళ్లేది స్టేట్‌మెంట్ తేదీ నాటి బాకీ. కాబట్టి గడువు తేదీ దాకా ఆగకుండా స్టేట్‌మెంట్‌కి మూడు నాలుగు రోజుల ముందే కట్టేయండి. వాడకం 30 శాతం లోపు, వీలైతే 10 లోపు. పాత కార్డు మూసేయొద్దు. మూస్తే లిమిట్ తగ్గి వాడకం శాతం పెరుగుతుంది.

కొత్తగడప

ఫీజు చేతి నుంచే కట్టగలం. రెండూ మొదటి ఐదేళ్లు ఫిక్స్‌డ్, తర్వాత ఫ్లోటింగ్. మార్జిన్ ఎంతో అడిగి కనుక్కుంటాం. కార్డు బాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. అది 24 శాతం, హోమ్ లోన్ 9.6. కలిపితే లాభమే కదా?

చక్రవడ్డీ

వడ్డీ శాతం తక్కువే, కట్టే వడ్డీ ఎక్కువ. 2 లక్షలు 24 శాతం మీద మూడేళ్లలో తీర్చేస్తే నెలకి 7,847, మొత్తం వడ్డీ 82,500 దగ్గర. అదే 2 లక్షలు 9.6 మీద 20 ఏళ్లు సాగదీస్తే నెలకి 1,877 మాత్రమే, కానీ వడ్డీ 2.5 లక్షలు దాటుతుంది. మూడు రెట్లు. పైగా తాకట్టు లేని కార్డు బాకీని తీసుకెళ్లి ఇంటికి కట్టేస్తున్నారు. రేపు కట్టలేకపోతే కార్డువాళ్లు కేసు వేస్తారేమో గానీ ఇల్లు నేరుగా వాళ్ల చేతికి పోదు. హోమ్ లోన్‌లో కలిస్తే పోతుంది.

కలపక తప్పదనుకుంటే ఒకటే షరతు: ఆ 2 లక్షలకీ నెల నెలా 7,847 కడుతూనే ఉండాలి, అదనంగా కట్టింది అసలులోకి వెళ్లాలి. 'బి' తీసుకునే పనైతే పాక్షికంగా ముందే కట్టినా ఆ 2 శాతం పడుతుందేమో అడగండి. కొన్ని ఒప్పందాల్లో ఏడాదికి ఇంత శాతం దాకా పెనాల్టీ లేకుండా కట్టనిస్తారు.

ఎక్సెల్‌పిచ్చి

37వ నెలలో మార్చుకునేటప్పుడు పడే పొరపాటు కూడా ఇప్పుడే చెప్పేస్తాను. అప్పటికి 'బి' బాకీ 37.7 లక్షలు. 8.5 శాతానికి దొరికి, మిగిలిన 17 ఏళ్లకే పెట్టుకుంటే ఈఎంఐ 34,993, నెలకి 2,554 మిగులు. మారడానికి అయ్యే ఫీజు, ఇంటి విలువ కట్టించడం, లీగల్ ఖర్చు కలిపి 50 వేలనుకుంటే 20 నెలల్లో వచ్చేస్తుంది. కొత్తచోట గడువు మళ్లీ 20 ఏళ్లు పెడతారు, ఈఎంఐ ఇంకా తక్కువ కనిపిస్తుంది, అదంతా వడ్డీ తగ్గడం వల్లేనని పొరబడతాం. గడువు 17కే ఉంచమని పట్టుబట్టండి.

పాతబాకీ

ఒక్క విషయంలో విభేదిస్తాను. డౌన్ పేమెంట్ పెంచి ఏడాది ఆగగలిగితే ఈ రెండు ఆఫర్లూ వద్దనే అంటాను. ఇంటి విలువలో అప్పు 90 శాతం ఉండటానికీ 80 లోపు ఉండటానికీ, స్కోరు తక్కువవాళ్ల విషయంలో వడ్డీలో గట్టి తేడా పడుతుంది. కొన్నిచోట్ల 80 దాటితే, మీరు కట్టలేకపోతే అప్పు ఇచ్చేవాడికి రక్షణగా ఉండే ఇన్సూరెన్స్ కూడా తగిలిస్తారు. ఇంట్లో ఇంకొకరి పేరు కలుపుదామనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: ఇద్దరి స్కోర్లలో తక్కువదాన్నే లెక్కలోకి తీసుకునేవాళ్లు ఎక్కువ. ఆదాయం కలుస్తుంది గానీ మీ మచ్చ పోదు, మీరు ఒక వాయిదా తప్పితే వాళ్ల రిపోర్టులోనూ పడుతుంది.

ఆగేటప్పుడు ఊరికే అప్లికేషన్లు పెట్టుకుంటూ పోకండి. ముందు సాఫ్ట్ ఎంక్వయిరీతో అర్హత చెప్పేవాళ్లని అడగండి, అది స్కోరుని తాకదు. అసలు అప్లికేషన్లు అన్నీ రెండు వారాల్లోపే పెట్టండి. ఫైకో లాంటి స్కోరు లెక్కించే పద్ధతుల్లో దగ్గర దగ్గరగా పడిన హోమ్ లోన్ ఎంక్వయిరీలన్నిటినీ ఒకటిగానే లెక్కిస్తారు. మామూలుగా ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా అడుగుతారు, ఆ నెలల్లో ఒక్క ఆటో డెబిట్ కూడా వెనక్కి తిరగకుండా చూసుకోండి. స్కోరు పెంచి పెడతామని, లోన్ శాంక్షన్ కాకముందే డబ్బు అడిగేవాళ్ల జోలికి పోవద్దు. వాళ్లు పెట్టేది మీరు సొంతంగా పెట్టుకోగల ఫిర్యాదే.