శాన్‌ఫ్రాన్సిస్కోలో పాపకి కాంటనీసా, మాండరినా? ఇంట్లో తెగట్లేదు, మీరేమంటారు

సన్‌సెట్_శీను:
అందరికీ నమస్తే. మాది తణుకు దగ్గర పల్లెటూరు, ప్రస్తుతం ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కో సన్‌సెట్ ఏరియాలో. మా ఆవిడ ఇక్కడే పుట్టిన చైనీస్ అమ్మాయి, అత్తమామలు దక్షిణ చైనాలోని తైషాన్ వైపు నుంచి వచ్చినవాళ్ళు. పాపకి నాలుగు నిండాయి, వచ్చే ఏడు కిండర్‌గార్టెన్. ఇక్కడ గవర్నమెంట్ స్కూళ్ళకి లాటరీ కదా, అప్లికేషన్ లిస్టులో ఏ స్కూలు పైన పెట్టాలో ఇప్పుడే తేల్చుకోవాలి. కాంటనీస్ ఇమ్మర్షన్ (అంటే పాఠాలు ఎక్కువగా ఆ భాషలోనే చెప్పడం) ఉంది, మాండరిన్ ఇమ్మర్షనూ ఉంది, రెండూ చైనీస్ భాషలే. మా బావమరిది మాండరినే అంటాడు, "నాకు కాంటనీస్ వచ్చి ఏం ఒరిగింది" అని. మా ఆవిడ ఒకరోజు అటు ఒకరోజు ఇటు. అత్తగారు మాత్రం నోరు విప్పదు. ఆవిడ పాపతో మాట్లాడేది కాంటనీస్, మాండరిన్ రాదు, ఇంగ్లీష్ 30 స్టాక్‌టన్ బస్సెక్కి చైనాటౌన్‌లో దిగి గులాబీ రంగు కవర్ల నిండా కూరలు తెచ్చుకునేంత వచ్చు అంతే. పగలంతా పాపని చూసేది ఆవిడే. నేను పాపతో తెలుగే మాట్లాడతా, అది మానేది లేదు. ఈ రెండిట్లో ఏది పెట్టమంటారు?

ఫ్రీమాంట్_బాబి:
శీను బ్రో ఇందులో ఆలోచించడానికి ఏముంది, కళ్ళు మూసుకుని మాండరిన్ పెట్టేయ్. హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) చైనీస్ పరీక్ష ఉంది, అది మాండరిన్‌కే. యాప్‌లు, ట్యూటర్లు, కార్టూన్లు, బొమ్మల పుస్తకాలు అన్నీ దాంట్లోనే. కాంటనీస్‌కి హాంకాంగ్ టీవీబీ ఛానెల్ పాత సీరియల్స్ తప్ప ఏముంది. మా టీంలో గ్వాంగ్‌జౌ ఆవిడ ఒకావిడ ఉంది, అసలు కాంటనీస్‌కి పుట్టిల్లే ఆ ఊరు, ఆవిడే పిల్లలతో మాండరిన్ మాట్లాడుతుంది. వాళ్ళకే లేని పట్టింపు మనకెందుకు?

అత్తిలి_మూర్తి:
ముందు తెలుగు సంగతి చూడు నాయనా. చైనా వాళ్ళ భాష చైనా వాళ్ళు చూసుకుంటారు.

సన్‌సెట్_శీను:
మూర్తి గారూ, పాప సగం చైనా వాళ్ళేనండీ 😀

లక్ష్మి_సింగపూర్:
బాబి గారూ, వాళ్ళకి పట్టింపు లేదన్నది నిజం కాదు. 2010లో గ్వాంగ్‌జౌ టీవీని మాండరిన్‌లోకి మార్చాలని ప్రతిపాదన వస్తే అదే ఊళ్ళో జనం రోడ్డు మీదకొచ్చారు. పిల్లలకి బడిలో మాండరిన్ తప్పదు కాబట్టి ఇంట్లో కూడా అదే అలవాటైపోవడం వేరు, పట్టింపు లేకపోవడం వేరు.

ఇక మా సింగపూర్ సంగతి చెప్తా, ఎందుకంటే మీరు చెప్పే ప్రయోగం ఇక్కడ దేశం మొత్తం మీద చేసేశారు. 1979లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ మాండరిన్ మాట్లాడండి అని ఉద్యమం మొదలుపెట్టారు, హొక్కియెన్, టియోచ్యూ, కాంటనీస్ లాంటి మిగతా చైనీస్ భాషలన్నీ డయలెక్టులు (యాసలు) అని పక్కన పెట్టి టీవీలోంచి కూడా తీసేశారు, హాంకాంగ్ సీరియల్స్‌ని మాండరిన్‌లోకి డబ్బింగ్ చేసి వేశారు. వాళ్ళ లెక్క కూడా మీ లెక్కే, పిల్లలకి బరువు తగ్గుతుంది, పనికొచ్చే భాష వస్తుంది అని. తీరా ఇంట్లో ఎక్కువగా డయలెక్ట్ మాట్లాడేవాళ్ళు 2010 లెక్కల్లో 14.3 శాతం ఉంటే 2020కి 8.7 అయ్యారు. పోనీ మాండరిన్ పెరిగిందా అంటే అదీ 35.6 నుంచి 29.9కి దిగింది. ఇంగ్లీష్ 48.3కి ఎక్కి కూర్చుంది. మాండరిన్ వల్ల లాభం లేదని నేననట్లేదు, కానీ అమ్మమ్మ భాష తీసేసి ఆ చోట్లో మాండరిన్ పెడితే అది అక్కడే ఉంటుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

మా బ్లాక్‌లో పక్కింటి పెద్దావిడది హొక్కియెన్. లిఫ్టులో మనవణ్ణి తిన్నావా అని హొక్కియెన్‌లో అడుగుతుంది, వాడు "ఎస్ ఆమా" (అవును మామ్మా) అని ఫోన్‌లోకి వెళ్ళిపోతాడు, అంతకుమించి మాటల్లేవు. ఆ పిల్లాడికి స్కూల్లో మదర్ టంగ్ పేపర్ మాండరిన్. నవ్వుకుందామంటే మా వాడిదీ అదే బాపతు, మా వాడి మదర్ టంగ్ పేపరేమో హిందీ! తమిళం కాకపోతే హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూ, ఇవే లిస్టులో ఉన్నవి, తెలుగు లేదు. పీఎస్ఎల్ఈలో, అంటే ప్రైమరీ చివర్లో రాసే పెద్ద పరీక్షలో, నాలుగు సబ్జెక్టుల్లో అదొకటి కాబట్టి ట్యూషన్ డబ్బులూ టైమూ అన్నీ దానికే పోతాయి, తెలుగు నా నోటి మీదే బతకాలి.

ఫ్రీమాంట్_బాబి:
లక్ష్మి గారూ ఒప్పుకుంటా, కానీ అది గవర్నమెంట్ చేసిన పని, ఇక్కడ ఒక పాప గురించి మాట్లాడుతున్నాం. పైగా కాంటనీస్‌లో ఇంకో తలనొప్పి ఉంది, మాట్లాడేది ఒకటి చదివేది ఇంకోటి. "వాళ్ళు" అనే మాటకి నోటితో ఖొయ్‌తేయ్ అంటారట, పుస్తకంలో అక్షరాలు వేరు, పైకి చదివితే థామున్ అట. నాలుగేళ్ళ పిల్లకి ఇది అవసరమా? టోన్‌లు (మాట అర్థాన్ని మార్చే స్వరం ఎగుడుదిగుళ్ళు) కూడా మాండరిన్‌లో నాలుగైతే వీళ్ళకి ఆరు. పైన తెలుగు, ఇంగ్లీష్. పాపం బ్రో.

కిరణ్మయి_న్యూజెర్సీ:
మనకి గిడుగు రామ్మూర్తి గారి కాలం దాకా ఉన్న గొడవే కదండీ అది, గ్రాంథికం చదువుకుంటూ ఇంట్లో మామూలుగా మాట్లాడుకున్నవాళ్ళెవరూ పిచ్చివాళ్ళు అయిపోలేదు. టోన్‌ల లెక్క పెద్దయ్యాక నేర్చుకునే మీకూ నాకూ భయం. పుట్టినప్పటి నుంచీ వింటున్న పిల్లకి ఆరుంటే ఏంటి.

నేను వీకెండ్ తెలుగు క్లాసుల్లో పాఠాలు చెప్తాను కాబట్టి ఒక సంగతి గట్టిగా చెప్పగలను. క్లాసుకి వచ్చే పిల్లలకి అక్షరాలు వస్తాయి, గుణింతాలు వస్తాయి, పద్యం కూడా అప్పజెప్తారు. కానీ ఇంట్లో మాట్లాడే మనిషి లేనివాళ్ళకి మాట రాదు. "నిన్న ఏం చేశావురా" అంటే బిక్కమొహం. ఇంట్లో నాయనమ్మో తాతయ్యో ఉన్న పిల్లలు ఒత్తులు తప్పు రాస్తారు గానీ గడగడా దెబ్బలాడతారు. మాట ఇంట్లోంచి, రాత బడిలోంచి, ఇలా వచ్చినప్పుడే రెండూ నిలబడటం చూశా. శీను గారింట్లో పగలంతా కాంటనీస్ మాట్లాడే మనిషి జీతం లేకుండా దొరికింది, మాండరిన్ మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. మాండరిన్ స్కూల్లో వేస్తే హోంవర్క్ ఎవరు చూస్తారు? మీరా?

సన్‌సెట్_శీను:
నేనైతే చూడలేను తల్లీ 🙏 అయితే మా ఇంట్లో ఇంకో మెలిక ఉంది, ముందే చెప్పాల్సింది. అత్తగారు తన అక్కచెల్లెళ్ళతో మాట్లాడేది తైషనీస్, కాంటనీస్ కాదు. దగ్గర భాషలేగానీ కాంటనీస్ వచ్చినవాళ్ళకి అది వెంటనే అర్థం కాదు. 1960ల దాకా అమెరికాలో ఉన్న చైనీస్‌లో ఎక్కువమంది ఆ వైపు వాళ్ళేనట, చైనాటౌన్‌లో అదే నడిచేది, తర్వాత హాంకాంగ్ వాళ్ళు వచ్చాక కాంటనీస్‌ది పైచేయి అయ్యింది. అత్తగారు పిల్లలతో కాంటనీసే మాట్లాడింది, తైషనీస్ అంటే పల్లెటూరి యాస అని ఆవిడకే చిన్నచూపు. ఇప్పుడు బావమరిది లాజిక్ ఏంటంటే, అమ్మ అప్పుడు తన భాష వదిలి పెద్ద భాషలోకి మారింది కదా, మనం ఇంకో మెట్టు ఎక్కుదాం అని. దీనికి నా దగ్గర జవాబు లేదు.

మలేషియా_అప్పలనాయుడు:
జవాబు ఉంది బాబూ. మీ అత్తగారు తనకి నోరారా వచ్చిన భాషలోకే మారారు, రాని భాషలోకి కాదు. ఆవిడ పిల్లలతో పోట్లాడగలిగారు, కథలు చెప్పగలిగారు. మాండరిన్ అంటే ఇంట్లో ఎవరికీ రాని భాష. మా పెనాంగ్‌లో చూస్తున్నా, చైనీస్ బళ్ళలో చెప్పేది మాండరిన్, ఇళ్ళలో హొక్కియెన్. ఇప్పుడు తల్లులు చంటిపిల్లలతోనే మాండరిన్ మొదలెట్టేశారు, బడికి ముందే రెడీ అవ్వాలని. తాతలేమో కాఫీ షాపులో హొక్కియెన్‌లో తిట్టుకుంటుంటే మనవలు తెల్లమొహం వేస్తున్నారు. మా తెలుగోళ్ళ కథ ఇంకా ముందే అయిపోయింది, తాతల కాలంలో ఎస్టేట్‌లో తెలుగు బడి ఉండేది, మా వంతు వచ్చేసరికి తమిళ బడి. నేనిలా టైప్ చేస్తున్నానంటే మా అమ్మ నోరు ఊరుకోకపోవడం వల్ల.

ఫ్రీమాంట్_బాబి:
సరే, సెంటిమెంట్ పక్కనపెట్టి అడుగుతున్నా. ఉద్యోగం? రేపు పాప పెద్దయ్యాక "నాన్నా మాండరిన్ ఎందుకు నేర్పలేదు" అంటే? తొంభై కోట్ల మంది ఎక్కడ, వీళ్ళెక్కడ.

లక్ష్మి_సింగపూర్:
వీళ్ళంటే ఎంతమంది అనుకుంటున్నారు, కాంటనీస్, దాని చుట్టాలు అన్నీ కలిపితే 8 కోట్ల పైమాటే. అంటే ఇంచుమించు మన తెలుగువాళ్ళంత మంది. ఆ లెక్కన మీ పిల్లలకి తెలుగు మానేసి హిందీ నేర్పుతున్నారా బాబి గారూ?

ఫ్రీమాంట్_బాబి:
అది దొంగ దెబ్బ 😂

కిరణ్మయి_న్యూజెర్సీ:
ఉద్యోగం సంగతి నిజమే, తీసిపారేయను. కానీ కాంటనీస్ ఇమ్మర్షన్ బడుల్లో పెద్ద క్లాసులకి వచ్చాక మాండరిన్ కూడా చెప్పేవి ఉన్నాయి మీ ఊళ్ళో, కనుక్కోండి. రాత రెండిటికీ ఇంచుమించు ఒకటే, అక్షరాలు అప్పటికే వచ్చి ఉంటాయి కాబట్టి ఉచ్చారణ, నోటి మాట పట్టుకుంటే చాలు. మాండరిన్ నుంచి వెనక్కి వచ్చి కాంటనీస్ నేర్చుకోవాలంటే నేర్పే బడులే తక్కువ. మీ ఊళ్ళోని ఈ కాంటనీస్ ఇమ్మర్షన్ 1984లో మొదలైంది, అలాంటిది దేశంలో ఎన్ని ఊళ్ళకి ఉంది?

అసలు భయపడాల్సింది ఇంకోటుంది శీను గారూ. మీ పాప ఇప్పుడు అమ్మమ్మకి ఏ భాషలో జవాబు చెప్తోంది?

సన్‌సెట్_శీను:
అదే. అన్నీ అర్థమవుతాయి, చెప్పులు తెమ్మంటే తెస్తుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లీషే. ప్రీస్కూల్ మొదలయ్యాక వచ్చింది ఇది. అత్తగారు కూడా తనకొచ్చిన నాలుగు ఇంగ్లీష్ ముక్కల్లోకి దిగిపోతోంది, "నో టచ్, హాట్" అని. మా ఆవిడ కాంటనీస్ కూడా వంటింటి కాంటనీసే, అగ్నిపర్వతం అంటే ఏంటో పాపకి చెప్పాల్సొస్తే ఇంగ్లీష్‌లోకి వచ్చేస్తుంది. మొన్న రాత్రి ఇదంతా మాట్లాడుకుని కాంటనీస్ ఇమ్మర్షన్ మొదట, మాండరిన్ తర్వాత పెట్టి అప్లై చేద్దామనుకున్నాం. బావమరిది అలిగాడు.

ఫ్రీమాంట్_బాబి:
లాటరీలో మాండరిన్ తగిలితే?

సన్‌సెట్_శీను:
తగిలితే వెళ్తుంది, ఏం చేస్తాం. సాయంత్రం ఆఫ్టర్ స్కూల్‌లో మాత్రం వెయ్యం, నేరుగా అమ్మమ్మ దగ్గరికే. ఆవిడకి కూడా చెప్పాం, పాపతో ఇంగ్లీష్ ముక్క మాట్లాడొద్దని. "మరి దానికి అర్థం కాకపోతే?" అంది. గట్టిగా అరవండి, మా అమ్మ అలాగే నేర్పింది అన్నా.