ఎమర్జెన్సీలో నోరు మెదపనివాళ్లను తప్పుపట్టొచ్చా?

నల్లమల:
1975 జూన్ 25 రాత్రి మొదలైన ఎమర్జెన్సీ 1977 మార్చి 21 దాకా సాగింది. ఎదిరించినవాళ్లు కొందరే. మిగతావాళ్లంతా పిరికివాళ్లా? పెళ్లాం పిల్లలున్నవాడు మీసా (విచారణ లేకుండా నిర్బంధించే చట్టం) కింద లోపలేస్తారని తెలిసీ ముందుకొస్తాడా? ఇప్పుడు కూర్చుని తీర్పులు చెప్పడం అన్యాయం.

కృష్ణాతీరం:
గుమాస్తాని నేనూ ఏమీ అననండీ. సుప్రీంకోర్టు జడ్జీలను మాత్రం అంటాను. అక్రమంగా నిర్బంధిస్తే కోర్టుకెళ్లొచ్చని తొమ్మిది హైకోర్టులు అప్పటికే చెప్పాయి. అదే ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకొచ్చిన జబల్‌పూర్ కేసు వాదనల్లో, ఐదుగురు జడ్జీల్లో ఒకరైన జస్టిస్ ఖన్నా ప్రభుత్వం తరఫున వాదించిన అటార్నీ జనరల్ నిరేన్ డేని సూటిగా అడిగారు: పోలీసు అధికారి సొంత కక్షతో ఒకణ్ణి చంపేస్తే అప్పుడైనా దిక్కుంటుందా అని. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని ఆయన జవాబు. అది చెవులారా విన్నాక కూడా 1976 ఏప్రిల్ 28న ఐదుగురిలో నలుగురు ప్రభుత్వం వైపే తీర్పిచ్చారు. కాదన్నది ఖన్నా ఒక్కరే. 1977 జనవరిలో ఆయన్ని పక్కనపెట్టి బేగ్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేస్తే రాజీనామా చేశారు. ఆయన పోగొట్టుకున్నది పదవి. జైలుకేమీ పోలేదు.

నల్లమల:
వాళ్ల మీద ఎంత ఒత్తిడి ఉందో మనకేం తెలుసు? ఆ నలుగురిలో ఒకరైన జస్టిస్ భగవతి తర్వాత తప్పు ఒప్పుకున్నారు కదా.

కృష్ణాతీరం:
ఒప్పుకున్నది 2011లో! స్నేహలతారెడ్డి గారి సంగతి చూడండి. రంగస్థల నటి, మన కవి పఠాభి భార్య, ఉబ్బసం మనిషి. బెంగళూరు జైల్లో విచారణ లేకుండా ఎనిమిది నెలలు ఉంచారు. రోగం ముదిరాక 1977 జనవరి 15న పెరోల్ ఇచ్చారు, 20న చనిపోయారు. విచారణ లేని నిర్బంధానికి రాజముద్ర వేసింది ఆ నలుగురే. ఒత్తిడి అంటే నాకు మనసొప్పదు.

ఓరుగల్లు పాఠకుడు:
జడ్జీల సంగతి సరే, మన సంగతేంటి? 1977 ఎన్నికల్లో యూపీ, బీహార్లలో కాంగ్రెస్‌కు ఒక్క సీటూ రాలేదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మనం 42కి 41 ఇచ్చాం. ఓటు రహస్యమే కదా, అక్కడా భయమేనా?

కృష్ణాతీరం:
అక్కడ భయమని నేననను. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఇంటింటికీ తెలిశాయి, ఇక్కడ ఆ స్థాయిలో లేవు. 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులను కాల్చేసి ఎన్‌కౌంటర్ అన్నారు. చెట్లకు కట్టేసి కాల్చారని మాజీ జడ్జి తార్కుండే నడిపిన నిజనిర్ధారణ కమిటీ తేల్చింది ఎమర్జెన్సీ ఎత్తేశాకే. సెన్సార్ కింద ఆ వార్త జనానికి చేరలేదు. ఓటరుని అడిగేముందు ఆనాటి సంపాదకులను అడగాలి.