గ్యాలరీలో కెమెరాకు హద్దు ఎక్కడ గీయాలి? లెన్సు చూడాలా, దాంతో చేసే పని చూడాలా?

పెన్నా_గట్టు (అనంతపురం)
పెద్ద మ్యాచ్ మన ఊరికొస్తే గేటు దగ్గర మొదటి పంచాయితీ కెమెరా గురించే. 2024 సెప్టెంబరులో ఆర్డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ ఆడినారు. ఒక జట్టుకు శ్రేయస్ అయ్యర్, ఇంకో జట్టుకు రుతురాజ్ గైక్వాడ్ కెప్టెన్లు. అట్లాంటోళ్లు కళ్ల ముందర ఉంటే ఎవరికైనా ఫొటో తీయాలనే ఉంటుంది కదప్పా. చాలా చోట్ల బోర్డు మీద కనిపించే నియమం ఇది: "లెన్సు ఊడదీసే కెమెరాలు, ట్రైపాడ్‌లు, డ్రోన్లు నిషేధం. ఫోన్లకు అనుమతి." ఇది సరైన గీతేనా? రంజీకి, అండర్-19కి, స్కూలు పోటీలకు, ఇండోర్ షటిల్‌కు ఇదే బోర్డు సరిపోతుందా? లెక్కతో మాట్లాడండి, తిట్లు వద్దు.

సైట్‌స్క్రీన్ (అనంతపురం)
నియమం సరైందే. గేటులో ఉండే మనిషికి ఒక్కొక్కరి మీద ఇరవై సెకన్లు కూడా ఉండవు. వాడు మెనూ తెరిచి సెట్టింగులు చూడలేడు, కంటికి కనిపించేదాన్నే పట్టుకోగలడు. లెన్సు ఊడుతుందా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. అందుకే ఆ గీత.

ట్రైపాడ్ గురించి వాదనే అనవసరం. కాళ్లు చాపితే దగ్గరదగ్గర మీటరు జాగా తింటుంది. గ్యాలరీ మెట్ల దారి వెడల్పే అంత. వాన చినుకు పడి జనం ఒక్కసారి లేస్తే మొదట తట్టుకునేది దాని కాలే. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) అంటారా, భద్రత మనిషి కంటికి అది కర్రే.

ఇంకోటి చాలామందికి తెలియదు. ఆటగాళ్లు, అంపైర్లు ఉండే గదుల్ని అవినీతి నిరోధక నియమాల కింద ప్రత్యేక ప్రాంతంగా చూస్తారు, మ్యాచ్ జరిగేటప్పుడు ఆటగాళ్ల ఫోన్లే లోపల ఉండనీయరు. అట్లాంటి బాల్కనీ మీదికి గ్యాలరీ నుంచి గంటల తరబడి పెద్ద లెన్సు గురిపెడితే అధికారులు ఊరుకోరు.

ఎఫ్_రెండున్నర_పైన (ధర్మవరం)
అన్నా, కంటికి కనిపించేదే పట్టుకుంటామంటే తప్పు దొంగను పట్టుకుంటారు. లెక్క చూడండి.

అంతర్జాతీయ మైదానంలో పిచ్ మధ్య నుంచి బౌండరీ 65 గజాల నుంచి 90 గజాల దాకా. దాని వెనక కంచె, గ్యాలరీ కలిపితే బ్యాటరుకూ మనకూ సుమారు 100 మీటర్లు అనుకుందాం. 70-200 ఎంఎం జూమ్ లెన్సును క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) ఉన్న కెమెరా బాడీకి తగిలిస్తే 200 దగ్గర అది 300 ఎంఎంతో సమానం, ఎంఎం ఎంత పెరిగితే దూరంది అంత దగ్గరగా కనిపిస్తుంది. వంద మీటర్ల దూరంలో ఫ్రేము ఎత్తు, అంటే ఫొటోలో పట్టే ఎత్తు, 8 మీటర్లు. ఆరడుగుల మనిషి అందులో నాలుగో వంతు కూడా నిండడు. దీన్ని మీరు గేటులో ఆపుతారు.

ఇప్పుడు నికాన్ పీ1000 తీసుకోండి. లెన్సు ఊడదు. 24 నుంచి 3000 ఎంఎంతో సమానమైన జూమ్. అదే వంద మీటర్లలో ఫ్రేము ఎత్తు 80 సెంటీమీటర్లు, అంటే తల, భుజాలు మాత్రమే. బాల్కనీలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడాలనుకునేవాడు తెచ్చేది ఇదే. మీ బోర్డు ప్రకారం ఇది దర్జాగా లోపలికి పోతుంది! సెన్సర్ చిన్నది, చివరి జూమ్‌లో ఎపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్/8 అంటే ఇరుకు, కాబట్టి సాయంత్రమైతే బొమ్మంతా రవ్వ రవ్వ. మధ్యాహ్నం ఎండలో మాత్రం బాగానే పడుతుంది, మన ఎండ సంగతి చెప్పక్కర్లేదు.

ఫోను 5 రెట్లు అంటే 120 ఎంఎంతో సమానం. ఫ్రేము ఎత్తు 20 మీటర్లు, మనిషి అందులో పదకొండో వంతు. ఆపైన వంద రెట్లు అని రాసుకున్నదంతా ఆ చుక్కల్నే సాగదీయడం.

తాడిపత్రి_బండరాయి
అంటే మా మామ పెండ్లిళ్లకు తెచ్చే కెమెరా కంటే బడిపిల్లోడి బ్యాగులోదే ప్రమాదం అంటావ్.

సైట్‌స్క్రీన్
పీ1000 లెక్క ఒప్పుకుంటా. దాన్నీ ఆపాలి అని నేనంటా, 70-200ను వదలాలి అని నువ్వంటావ్. మరి ఫ్లాష్ సంగతి? గ్యాలరీలో యాభై ఫ్లాష్‌లు వెలిగితే బ్యాటరు కన్ను చెదరదా?

ఎఫ్_రెండున్నర_పైన
ఫ్లాష్ విషయంలో నేను మీ పక్షమే, కారణం మాత్రం వేరు. కెమెరా మీద పుట్టుకతో వచ్చే ఫ్లాష్‌కు గైడ్ నంబరు (ఫ్లాష్ సత్తా కొలత, దాన్ని ఎఫ్ నంబరుతో భాగిస్తే వెలుగు చేరే దూరం) 12 ప్రాంతం. ఎఫ్/5.6 దగ్గర, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగును ఎంత పట్టాలో చెప్పే సెట్టింగు) 100లో అది రెండు మీటర్లు పోతుంది. 1600కు పెంచినా ఎనిమిదిన్నర మీటర్లే. వంద మీటర్ల అవతలి బ్యాటరుకు దాంతో పడే వెలుగు లెక్కలోకి రాదు, ముందు వరుస తలకాయలు మాత్రం తెల్లగా మెరుస్తాయి. తీసినవాడికి ఫొటో రాదు, పక్కవాడికి చికాకు.

లోపలికి వదిలితే గేటులోనే చేయించాల్సింది మూడు: ఫ్లాష్ ఆపడం, ఫోకస్‌కు సాయంగా వెలిగే చిన్న లైటు మెనూలో ఆపడం, బీప్ ఆపడం. రెండోదాన్ని అందరూ మర్చిపోతారు. షట్టర్ చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుంటే జాగ్రత్త, సెన్సర్ వరుస వరుసగా చదువుతుంది కాబట్టి ఊపుతున్న బ్యాట్ అరటిబోదె మాదిరి వంగి పడుతుంది. బౌలరుకు సెకనులో వెయ్యో వంతు, బ్యాటుకు బంతి తగిలే క్షణానికి రెండు వేలో వంతు పెడితే మెకానికల్ షట్టరే మేలు. అవుట్‌డోర్ గోలలో ఆ చప్పుడు ఎవరికీ వినపడదు.

ఒక నియమం మాత్రం నేనే అడుగుతా. సైట్‌స్క్రీన్‌కు (బ్యాటరుకు బంతి కనబడేలా బౌలరు వెనక నిలిపే తెర) పైన, పక్కన ఉన్న సీట్లలో ఎవరూ లేచి నిలబడకూడదు, కెమెరా ఉన్నా లేకున్నా. బౌలరు ఎదురుగా పరుగెత్తుకొచ్చే ఫొటో అక్కడి నుంచే బాగా వస్తుంది కాబట్టి కెమెరావాళ్లంతా అక్కడికే చేరుతారు. బౌలరు చేతి వెనక ఏదన్నా కదిలితే బ్యాటరు పక్కకు జరుగుతాడు, ఆట ఆగుతుంది.

షటిల్_కోర్టు (కడప)
ఇండోర్‌లో కథ వేరు సార్. ఇక్కడ ఫ్లాష్ నిషేధం అని బోర్డు పెట్టినా వెలుగుతూనే ఉంటుంది. ఎందుకో చెప్తా. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి నాసిరకం డ్రైవరు (కరెంటును సర్దే భాగం) ఉన్న ఎల్‌ఈడీ, పాత ట్యూబులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. స్మాష్ ఆపాలని వెయ్యో వంతు షట్టర్ పెట్టినోడికి ఒక ఫొటో చీకటి, ఒకటి పసుపు, ఒకదాని మీద అడ్డ చారలు. విసుగొచ్చి ఫ్లాష్ వేస్తాడు. అదేమో పది మీటర్ల లోపల, పైకి చూస్తూ షటిల్ కోసం ఎదురుచూసే పిల్ల కళ్లల్లోకి సూటిగా కొడుతుంది. కాబట్టి బోర్డు మీద నిషేధం ఒక్కటే రాయకండి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ (మినుకును తప్పించే సెట్టింగు) ఉంటే ఆన్ చేసుకోమనండి, లేకుంటే షట్టర్‌ను వందో వంతుకు దించి సర్వీసు చేసే క్షణం, పాయింటు గెలిచాక పిడికిలి బిగించే క్షణం తీసుకోమనండి. కోర్టు చివరి గీత వెనక గోడ దగ్గర మాత్రం ఎవర్నీ కూర్చోనివ్వొద్దు.

జమ్మలమడుగు_కోడె
క్రికెట్టే ఆటా అబ్బీ? బండలాగుడు పోటీలకు రాండి, జనమూ కెమెరాలూ యాడ చూసినా. ఎద్దుకు కండ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఇంచుమించు 330 డిగ్రీలు చూస్తుంది. పక్క నుంచి ఫోను పట్టుకుని బరిలోకి చేయి చాపితే ఎద్దుల జత బెదిరి రెండోపక్కకు తోసుకుంటుంది, బండ వంకరపోతుంది, టైము పోతుంది. తోలేటోడు ఒకపక్క, అదుపు తప్పిన టన్నుల బండ ఇంకోపక్క. మా కాడ కావాల్సింది ఒకటే: కట్టిన తాడు దాటి చేయి గానీ సెల్ఫీ కర్ర గానీ రాకూడదు. రాత్రి పోటీల్లో ఫోను టార్చి వేసి వీడియో తీసేటోణ్ణి మైకులో పిలిచి ఆపించాల. లైవు ఇచ్చే ఛానెలోళ్లకు ముగింపు గీత అవతల ఎత్తు మంచె ఒకటి కట్టిస్తే వాళ్లు బరిలోకే రారు.

డ్రోన్ అస్సలు వద్దు. పైన జోరీగ మాదిరి రొద పెడితే కోడెలు చెవులు రిక్కించి ఆగిపోతాయి.

వకీలు_బురుజు (కర్నూలు)
డ్రోన్ మాట వచ్చింది కాబట్టి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపుది నానో, 2 కిలోల దాకా మైక్రో. నానోకు, వ్యాపారం కాని పనికి వాడే మైక్రోకు పైలట్ లైసెన్సు అక్కర్లేదు. దీన్ని పట్టుకుని "నాది 249 గ్రాములే" అని వాదించేవాళ్లున్నారు. లైసెన్సు అక్కర్లేకపోవడం వేరు, మైదానం యజమాని అనుమతి వేరు. 30 మీటర్ల ఎత్తు నుంచి అది పడితే, గాలి నిరోధాన్ని పక్కనపెడితే, నేలకు తగిలేసరికి వేగం సెకనుకు 24 మీటర్లు. కింద ఉండేది జనం.

ఇక అసలు చట్టం. మ్యాచ్ మీద కాపీరైట్ అనేది లేదు. ప్రసారం మీద ప్రసారకుడికి హక్కుంది, 1957 కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ కింద, 25 ఏళ్లు. మీరు గ్యాలరీలో తీసిన ఫొటోకు మొదటి హక్కుదారు మీరే, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే తప్ప. అయితే మిమ్మల్ని లోపలికి రానిచ్చింది ఒక షరతు మీద. టికెట్ వెనక రాసినా, గేటు ముందు బోర్డు పెట్టినా అది ఒప్పందమే. షరతు తప్పితే బయటికి పొమ్మనొచ్చు. అంతవరకే! భద్రత మనిషి మీ కెమెరా లాక్కోవడం, కార్డు తీసి ఫొటోలు చెరిపించడం అతని అధికారంలో లేదు. పోలీసు జప్తు చేయాలన్నా నేరం జరిగిందన్న అనుమానం ఉండాలి. ఒకటి గమనించండి, షరతు లోపలికి వచ్చాక చెప్తే చెల్లదు. బోర్డు క్యూ మొదట్లో ఉండాలి, టర్న్‌స్టైల్ (తిరిగే గేటు) దాటాక కాదు.

సైట్‌స్క్రీన్
లైవ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఫొటో కంటే అదే పెద్ద సమస్య. టీవీలో, యాప్‌లో బంతి కొన్ని సెకన్లు ఆలస్యంగా కనిపిస్తుంది. మైదానంలో కూర్చుని ఆ సెకన్ల ముందే బంతి బంతికీ సమాచారం బయటికి పంపేవాళ్లు బెట్టింగు కోసం వస్తారు. పెద్ద కెమెరా ఆపి ఫోను వదిలితే ఇదేం ఆగదు.

ఎఫ్_రెండున్నర_పైన
అదే కదన్నా నేను మొదట్నుంచీ మొత్తుకునేది.

హాకీ_డీ (అనంతపురం)
అందరూ అంతర్జాతీయ మ్యాచ్ గురించే మాట్లాడుతున్నారు. మన దగ్గర ఎక్కువ జరిగేవి అమ్మాయిల హాకీ, కబడ్డీ, అథ్లెటిక్స్, అన్నీ పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలవే. ఇక్కడ లెన్సు సైజు కాదు, ఎవరు ఏం తీసి ఎక్కడ పెడుతున్నారన్నదే ప్రశ్న. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిది దాటనివాళ్లను పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. ఇంటి అవసరానికి తీసుకునే నాన్నకు అది వర్తించదు. కోచింగ్ సెంటర్ ప్రచార పేజీ ఇంటి అవసరం కాదు. మా అడగడం ఇంతే: వార్మప్ జాగా, బట్టలు మార్చుకునే గదుల వైపు కెమెరా తిరగకూడదు, స్టార్టింగ్ బ్లాకుల వెనక నిలబడకూడదు. తీయాలనుకునేవాళ్లు పేరు, ఫోను నంబరు రాసి చేతికి రంగు పట్టీ కట్టించుకోవాలి. పట్టీ లేకుండా కనబడితే అడిగే హక్కు ప్రతి పీఈటీకి ఉండాలి.

వకీలు_బురుజు
మేడం చెప్పినదానికి ఒక్క మాట. కొందరు దీనికి భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వర్తిస్తుందంటారు. అది ఏకాంతంలో ఉన్న స్త్రీని చూడటం, చిత్రించడం గురించి. బట్టలు మార్చుకునే గదికి వర్తిస్తుంది, మైదానంలో పరుగెత్తే అమ్మాయి ఫొటోకు మామూలుగా వర్తించదు. అందుకే పట్టీ నియమం అవసరం.

గుంతకల్_జంక్షన్
అంతా బాగుంది, నిషేధం పెట్టినాక కెమెరా యాడ పెట్టాలప్పా? రైల్లో, బస్సులో వచ్చినోడికి కారు లేదు. ఉన్నా, ఎండలో మూసిన కారులో లిథియం బ్యాటరీ పెట్టకూడదు. నిషేధం పెట్టేవాళ్లు కౌంటరు కూడా పెట్టాల. ఒకే నంబరున్న రెండు టోకెన్లు, ఒకటి బ్యాగుకు, ఒకటి మనిషికి. పుస్తకంలో బాడీ నంబరు, లెన్సు నంబరు వేరువేరుగా రాయాల, లేకుంటే మ్యాచ్ అయినాక లెన్సు మారిందని గొడవ. తీసుకునేటప్పుడే ముందు గాజు మీద గీతలున్నాయేమో ఇద్దరూ చూసుకోవాల. రేకుల షెడ్డు వద్దు, కనీసం ఫ్యాను ఉండే గది కావాల. అందరూ ఆఖరి ఓవర్ కాగానే ఒకేసారి మీద పడతారు, ఇవ్వడానికి తీసుకున్నప్పటి కంటే రెండింతల మంది ఉండాల.

సైట్‌స్క్రీన్
అంత మందిని పెట్టే బడ్జెట్ ఏ జిల్లా టోర్నీకీ ఉండదు. అందుకే ఆ ఖర్చు కంటే 70-200ను లోపలికి వదలడమే చౌక అని ఇప్పుడు అనిపిస్తోంది. ట్రైపాడ్ మీద మాత్రం తగ్గేది లేదు.

పెన్నా_గట్టు
సరే, బోర్డు ముసాయిదా ఇట్లా రాస్తున్నా. "ఫ్లాష్, ఫోకస్ లైటు ఆపాలి. ట్రైపాడ్, మోనోపాడ్, సెల్ఫీ కర్ర, డ్రోన్ వద్దు. లైవ్ ఇవ్వకూడదు. ఆటగాళ్ల గదుల వైపు, బట్టలు మార్చుకునే గదుల వైపు కెమెరా తిప్పకూడదు. పిల్లల పోటీల్లో రంగు పట్టీ తప్పనిసరి. ప్రొఫెషనల్ కెమెరాలకు అనుమతి లేదు."

ఎఫ్_రెండున్నర_పైన
చివరి వాక్యం కొట్టెయ్ అన్నా. ప్రొఫెషనల్ అంటే ఏదో గేటులో ఉండేవాడికీ తెలియదు, నాకూ తెలియదు.

షటిల్_కోర్టు
ఇండోర్ బోర్డులో లైట్లు మినుకుతాయి కాబట్టి షట్టర్ వందో వంతు అని ఒక వరుస చేర్చండి. అది రాయకపోతే ఫ్లాష్ ఆగదు.