రెండు అగరబత్తులు కలిపితే వాసన ఎందుకు చెడుతోంది?

ప్రశ్న: నిన్న సాయంత్రం గంధం, మల్లె బత్తులు ఒకే స్టాండులో వెలిగించాను. విడివిడిగా రెండూ నాకు ప్రాణం. కలిపితే మాత్రం సబ్బు కాలుతున్నట్టు కంపు, పది నిమిషాలకే తలనొప్పి. కలపడానికి పద్ధతేమైనా ఉందా, లేక నా ముక్కుదే లోపమా?

జవాబు: మీ ముక్కు బాగానే ఉంది. ఒకేసారి వెలిగించడమే తప్పు. గంధానికి వాసననిచ్చే శాంటలాల్ అనే పదార్థం మెల్లగా ఆవిరవుతుంది, కర్టెన్లకు పట్టి చాలాసేపు నిలుస్తుంది. అందుకే నేను ముందు గంధం పుల్ల సగం కాల్చి ఆర్పేస్తాను. పావుగంట ఆగి, పొగ పోయాక, మల్లె వెలిగిస్తాను. అప్పుడు పొగలు కొట్టుకోవు, వాసనలే కలుస్తాయి. సగం పుల్ల ఆర్పడానికి మొదట్లో మనసు ఒప్పలేదు లెండి.

మరో జవాబు: పుల్ల రకం కూడా చూడండి. బొగ్గుపొడి పుల్లను సెంటులో ముంచి తీసినవి రెండు కలిస్తే నాకూ సబ్బు వాసనే వచ్చింది. ఒకటైనా చెక్కపొడి, బంక కలిపి చుట్టిన మసాలా బత్తి అయితే నయం. అన్నీ ఒకే డబ్బాలో మాత్రం పెట్టకండి. నా గులాబీ బత్తులన్నీ ఇప్పుడు కర్పూరమే!

ఇంకొకరు: తలనొప్పి పొగ వల్ల కావచ్చు, కిటికీ తీయండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఈ ప్రయోగాలే వద్దు.

అడిగినవారు: రెండూ సెంటు బత్తులేనండీ, ఇప్పుడే చూశాను. రేపు కిటికీ తీసి, గంధంతో మొదలుపెడతా.