స్క్రిప్ట్ ఇచ్చిన ఎంటీఎఫ్ అంకెను నమ్మవచ్చా?

కిరణపథం:
లెన్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఆప్టిక్‌స్టూడియోలో నలభై లెన్స్ ఫైళ్లను వరుసగా తెరిచి, ఎఫ్‌ఎఫ్‌టీ పద్ధతిలో ఎంటీఎఫ్ (సన్నని గీతల కాంట్రాస్ట్‌ను లెన్స్ ఎంతవరకు నిలుపుతుందో 0 నుంచి 1 వరకు చెప్పే అంకె) లెక్క వేయించి, ఫలితాలను పట్టికలో చేర్చే పైథాన్ స్క్రిప్ట్ రాశాను. ఒక ఫైలులో అంచు ఫీల్డ్‌కు (చిత్రం అంచున ఉండే బిందువుకు) మిల్లీమీటరుకు 50 సైకిళ్ల దగ్గర స్క్రిప్ట్ 0.31 ఇస్తోంది. అదే ఫైలును నేనే తెరిచి చూస్తే 0.44 కనిపిస్తోంది. ఎర్రర్ ఏదీ రావడం లేదు. ఎక్కడ వెతకాలి?

కటకశిల్పి:
మీరు ఫలితాన్ని టెక్స్ట్ ఫైలుగా రాయించుకుని అంకెలు ఏరుతున్నట్టున్నారు. ఆ ఫైలులోని అక్షరాల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-16లో ఉండి, మీరు యూటీఎఫ్-8 అనుకుని చదివితే అంతా చెదిరిపోతుంది. డేటా సిరీస్‌ను నేరుగా తీసుకోండి.

నాభి:
ఎన్‌కోడింగ్ తప్పితే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది, ఇంత శుభ్రమైన అంకె రాదు. శాంప్లింగ్, అంటే లెక్కకు వాడే గడుల సంఖ్య, ఎంత పెట్టారు?

కటకశిల్పి:
ఆగకుండానే తప్పు చదివిన అనుభవం నాకుంది. నా స్క్రిప్ట్ మూడు వారాల పాటు టాంజెన్షియల్ వరుసను సాజిటల్‌గా (ఒక దిశ ఎంటీఎఫ్‌ను దానికి లంబ దిశదిగా) చదివింది, ఎవరికీ అనుమానం రాలేదు. టెక్స్ట్ ఫైలు నుంచి ఏరే పద్ధతి ఉన్నంత కాలం ఈ బాధ తప్పదు.

పాతచూపు:
గ్రాఫ్ చూడకుండా పట్టిక పంపేవారి వల్లే ఇదంతా. ఒక సమీక్షలో అలాంటి పట్టికలోని అంకెకు నేను జవాబు చెప్పుకోవలసి వచ్చింది, రాసినవారు మాత్రం మాట్లాడలేదు.

నాభి:
పాతచూపు గారూ, మీ బాధ న్యాయమైనదే కానీ ఈ ప్రశ్నకు అది జవాబు కాదు. నలభై ఫైళ్లలో అయిదేసి ఫీల్డ్‌లను రాత్రంతా కూర్చుని చూసే మనిషి కూడా తప్పు చేస్తాడు. కిరణపథం గారూ, చదవడంలో తప్పా, లెక్కలో తప్పా అన్నది ముందు విడదీయండి. ఎఫ్/4 లెన్స్‌కు 0.55 మైక్రోమీటర్ల వేవ్‌లెంగ్త్ దగ్గర కటాఫ్ (ఎంటీఎఫ్ సున్నా అయ్యే చోటు) 1/(0.00055×4), అంటే మిల్లీమీటరుకు సుమారు 455 సైకిళ్లు. కాబట్టి అక్షం మీద 50 దగ్గర డిఫ్రాక్షన్ హద్దు (లోపం లేని లెన్స్‌కు వచ్చే విలువ) 0.86 రావాలి. మీ స్క్రిప్ట్ ఆ గీతను సరిగ్గా చదివితే ఎన్‌కోడింగ్ వాదన అక్కడితో ముగిసినట్టే.

కిరణపథం:
నాది ఎఫ్/4 లెన్సే, ఒకే వేవ్‌లెంగ్త్ పెట్టి చూశాను, 0.86 వచ్చింది. స్క్రిప్ట్ తెరిచిన విశ్లేషణలో శాంప్లింగ్ 64×64 ఉంది, నా తెర మీద 256×256. స్క్రిప్ట్‌లోనూ 256 పెడితే 0.44 వచ్చింది, 512కు పెంచినా మారలేదు.

కటకశిల్పి:
సరే, ఇక్కడ నా ఊహ తప్పింది. అయినా టెక్స్ట్ ఫైలును నేను ఒప్పుకోను.

పాతచూపు:
నా అసలు ప్రశ్న ఫైలు గురించి కాదు. అంకె వెనుక ఏ సెట్టింగ్ ఉందో చెప్పని పట్టిక మీద నేను ఎందుకు సంతకం చేయాలి?

నాభి:
చేయకండి. శాంప్లింగ్, వేవ్‌లెంగ్త్, ఫీల్డ్, కాన్ఫిగరేషన్‌ను స్క్రిప్ట్ తానే నిర్ణయించి, ప్రతి వరుసలోనూ అంకె పక్కనే రాయాలి. అప్పుడు కూడా సంతకం చేయరా?

పాతచూపు:
శాంప్లింగ్ రెట్టింపు చేసినప్పుడు వచ్చిన అంకె కూడా ఆ వరుసలోనే ఉంటే చేస్తాను.

కిరణపథం:
ఆ నిలువు వరుసను ఈ రోజే చేరుస్తున్నాను. మిగిలిన ముప్పై తొమ్మిది ఫైళ్లను మొదటి నుంచి నడిపించాలి.