నాన్నగారి రెండు తుపాకులు నా పేరు మీదికి మారడం లేదు, చట్టం తెలిసినవారు చెప్పగలరా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటికి 2019 నాటి ఆయుధాల సవరణ చట్టం ప్రతిని ముందు పెట్టుకుని కూర్చున్నాను. పదకొండు దాటింది. ఎక్కడ పొరపాటు జరిగిందో అంతు చిక్కడం లేదు.

మా నాన్నగారి లైసెన్సులో రెండు తుపాకులున్నాయి. ఒకటి తాతగారి కాలం నాటి 12 బోరు డబుల్ బ్యారెల్, రెండోది .32 రివాల్వరు. రెండింటినీ వారసత్వం కింద నా పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టాను. మూడుసార్లు వెనక్కి పంపారు. మూడుసార్లూ ఒకటే వాక్యం: పరిమితికి మించి ఉన్నాయి. మనిషికి రెండు ఉండవచ్చని చట్టమే చెబుతోంది. నేను అడిగినవి రెండే. మించినది ఏది?

నా కోపం ఫైలు తిప్పి పంపిన గుమాస్తా మీద కాదు. 1983 నుంచి మూడు తుపాకుల వరకు అనుమతి ఉండేది. 2019 డిసెంబరు 9న లోక్‌సభలో, మరునాడు రాజ్యసభలో ఆమోదించి దాన్ని రెండుకు కుదించారు. నేరాల వార్తల్లో కనిపించేవి ఎక్కడో దొంగచాటుగా తయారైన నాటు తుపాకులు. వాటి జోలికి పోకుండా, బోరు, వరుస సంఖ్యతో సహా పోలీసు స్టేషన్ పుస్తకంలో ఉన్న మా తుపాకులనే లెక్కపెట్టారు. చట్టాన్ని పాటించేవాడు సులభంగా దొరుకుతాడు కాబట్టి వాడి మీదనే చట్టం చేస్తారా?

ఒక్కమాట:
మీ పేరు మీద ఇప్పటికే ఏమైనా ఉన్నాయా?

విశ్రాంత హవల్దారు:
అసలు విషయానికి ముందు ఒక సంగతి చెప్పాలి. అన్నింటినీ కలిపి తుపాకులు అనేయకండి. దరఖాస్తులో కూడా అలాగే రాసి ఉంటే అదే పెద్ద చిక్కు. గొట్టం లోపల నునుపుగా ఉన్నది గన్ను. మర చుట్టల్లాంటి గాడులు ఉంటే అది రైఫిలు. చేతిలో ఇమిడి, తూటాలు తిరిగే చక్రంలో కూర్చునేది రివాల్వరు. చట్టంలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క లెక్క ఉంటుంది. అలాగే తూటా వేరు, గుండు వేరు. దుకాణంలో మీరు కొనేది తూటా, అందులోంచి బయటికి దూసుకుపోయేది గుండు. ఇరవై నాలుగేళ్ల సర్వీసులో కొత్త కుర్రవాళ్లకు నేను మొదటిరోజు నేర్పింది ఇదే.

ఇంకొకటి. తాతగారి కాలం నాటి డబుల్ బ్యారెల్ అంటున్నారు. దాన్ని చివరిసారి ఎవరు విప్పి చూశారు? గొట్టంలో తుప్పు ఉంటే పేల్చినవాడికే ప్రమాదం. తెలిసిన మెకానిక్కు చూపించకుండా అందులో తూటా పెట్టకండి. తూటాలు ఒక చోట, ఆయుధం ఒక చోట, రెండింటికీ వేరువేరు తాళాలు ఉండాలి. ఇంట్లో పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

చరిత్రప్రియ:
కృష్ణాతీరం గారి బాధ ఈనాటిది కాదు. 1878లో బ్రిటిష్ వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. భారతీయుడు లైసెన్సు లేకుండా ఆయుధం పట్టరాదు, ఐరోపావారికి మాత్రం మినహాయింపు. ఆ అవమానాన్ని మనవాళ్లు మరిచిపోలేదు. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానం చేసినప్పుడు, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండడం పౌరుడి హక్కు అని అందులో చేర్చారు. రాజ్యాంగం దాకా వచ్చేసరికి ఆ హక్కు జారిపోయింది. 19వ అధికరణంలో మనకు మిగిలింది ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు. తరువాత 1959 ఆయుధాల చట్టం, ఇప్పుడీ సవరణ. పరాయివాడు మనల్ని నమ్మలేదంటే అర్థం ఉంది. మనం ఎన్నుకున్నవారు కూడా నమ్మడం లేదే అన్నది నా ఆవేదన.

వకాల్తా:
చరిత్రప్రియ గారూ, హక్కు అన్న మాట ఇక్కడ వాడితే అడిగినవారు దారి తప్పుతారు. మన దగ్గర ఇది అనుమతి. అనుమతి ఇచ్చే అధికారికి నిరాకరించే అధికారం కూడా ఉంటుంది, దాని మీద పైవారికి అప్పీలు చేసుకునే దారీ ఉంటుంది. పౌరుడికి ఆయుధం పట్టే హక్కునిచ్చే అమెరికా రాజ్యాంగంలోని రెండో సవరణను మనసులో పెట్టుకుని మాట్లాడితే కలెక్టరేటులో పని జరగదు.

నాటు తుపాకుల జోలికి పోలేదన్న మాట కూడా సరికాదు. అక్రమంగా ఆయుధాలు తయారు చేసినా, అమ్మినా కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం అని శిక్ష పెంచింది ఈ సవరణే. పెళ్లి ఊరేగింపుల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని కూడా ఇందులోనే చేర్చారు. లైసెన్సు గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది. కోపంలో మంచిని కూడా తుడిచేయకూడదు.

చరిత్రప్రియ:
అనుమతి అన్నా సరే. 1959 చట్టం 13వ సెక్షన్‌లో, స్వీయ రక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నునుపు బోరు తుపాకీ అడిగితే అధికారి లైసెన్సు ఇచ్చి తీరాలన్నట్టుగానే రాశారు కదా. నిజమైన పంట రక్షణకు గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకీకీ అంతే. ఇచ్చి తీరవలసినదాన్ని అనుమతి అంటారా?

వకాల్తా:
14వ సెక్షన్‌తో కలిపి చదవండి. నిరాకరించే కారణాలన్నీ అక్కడ ఉన్నాయి.

మెట్టరైతు:
పంట రక్షణ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నాది గొట్టంలో మందు కూరే తుపాకీయే. అడవి పందుల గుంపు ఒక్క రాత్రి దిగితే మొక్కజొన్న చేను రోట్లో వేసి దంచినట్టు అవుతుంది. చంపడానికి అటవీ శాఖ ఉత్తర్వులు కావాలని తెలుసు, నేను చంపడం లేదు. చప్పుడుకు బెదిరి పోతాయని గాలిలో పేలుస్తాను. 2024 మార్చి 16న ఎన్నికల ప్రకటన వచ్చింది, రెండో రోజే తుపాకీ స్టేషన్‌లో పెట్టమన్నారు. ఫలితాలు జూన్ 4న. రబీ మొక్కజొన్న కోతకు వచ్చే రోజులన్నీ అందులోనే పోయాయి. మంచె మీద డబ్బా వాయించుకుంటూ కూర్చున్నాను. ఓట్లు అడగడానికి మా ఊరు వచ్చిన నాయకుల వెనుక మాత్రం తుపాకులు పట్టుకున్న మనుషులు ఉన్నారు. ప్రాణభయం వారికేనా? నా చేను నాకు ప్రాణం కాదా?

వకాల్తా:
మెట్టరైతు గారూ, మీ బాధ న్యాయమైనదే. ఎన్నికల సంఘం సూచనల్లో లైసెన్సు ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా తీసుకోమని లేదు. జిల్లా మేజిస్ట్రేటు, ఎస్పీలతో పరిశీలన కమిటీ వేసి, బెయిలు మీద ఉన్నవారు, నేరచరిత్ర ఉన్నవారు, ముఖ్యంగా ఎన్నికల అల్లర్లలో పాల్గొన్నవారు ఎవరో చూసి నిర్ణయించాలి. అందరినీ గంపగుత్తగా జమ చేయమని ఒత్తిడి చేయరాదని అలహాబాద్ హైకోర్టు కూడా 2024 మార్చిలో చెప్పింది. వచ్చేసారి పంట కాలాన్ని ప్రస్తావిస్తూ ముందుగానే లిఖితపూర్వకంగా వినతి ఇవ్వండి. చేర్చుకున్నట్టు ముద్ర వేయించుకోవడం మరవకండి.

కృష్ణాతీరం:
ఇప్పుడే అన్నీ చదివాను. ఒక్కమాట గారూ, నా పేరు మీద .22 రైఫిలు ఉంది. కాలేజీ రోజుల్లో గురి పోటీలకు వెళ్లేటప్పుడు తీసుకున్నది. అది నా సొంత కొనుగోలు. నాన్నగారి ఆస్తితో దానికి సంబంధం లేదు, అందుకే రాయలేదు.

ఒక్కమాట:
రెండూ ఒకటీ మూడు. అదే మీ జవాబు.

కృష్ణాతీరం:
వారసత్వంగా వచ్చేవి కూడా ఆ లెక్కలోకి వస్తాయా? తాతగారు ముట్టుకున్న వస్తువునూ, నేను దుకాణంలో కొన్న వస్తువునూ ఒకే గాటన కడతారా?

వకాల్తా:
కడతారు. వారసత్వం కింద లైసెన్సు ఇచ్చేటప్పుడు కూడా రెండు మించరాదని 3వ సెక్షన్‌లోనే ప్రత్యేకంగా చేర్చారు.

మీరు రాయని విషయం ఇంకొకటి ఉంది. నాన్నగారు ఉన్నారా? లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు ఆయన దగ్గర ఉన్నా, బతికి ఉండగానే వారసుడి పేరు సూచించవచ్చు. లేరంటే పద్ధతి వేరు. ఇప్పుడు ఆ రెండు ఆయుధాలు ఎక్కడ ఉన్నాయి?

కృష్ణాతీరం:
నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది. అవి ఎప్పుడూ ఉండే ఇనుప బీరువాలోనే ఉన్నాయి. తాళం అమ్మ దగ్గర ఉంది.

ఒక్కమాట:
రేపే జమ చేయండి.

వకాల్తా:
ఈ ముక్క మొదటే రాయవలసింది. లైసెన్సు ఆయన పేరు మీద ఉన్నది. ఆయన పోయాక ఆ ఆయుధాలు మీ ఇంట్లో ఉండటానికి ఆధారం లేదు. 21వ సెక్షన్ ప్రకారం అనవసర జాప్యం లేకుండా పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలోనో పెట్టాలి. దుకాణమే మేలని నా అభిప్రాయం, నూనె పెట్టి చూసుకుంటారు. బోరు, వరుస సంఖ్య, తూటాల సంఖ్యతో రసీదు తీసుకోండి. జమ చేసినంత మాత్రాన వదులుకున్నట్టు కాదు. నిర్ణీత గడువులోగా లైసెన్సు వస్తే తిరిగి తీసుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు.

విశ్రాంత హవల్దారు:
జమ వేరు, స్వాధీనం చేయడం వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుని భయపడి ఇంట్లోనే దాచుకుంటారు. కాగితం మీద జమ అనే రాయించండి. తీసుకువెళ్లే ముందు రెండు గొట్టాలూ, రివాల్వరు చక్రమూ ఖాళీగా ఉన్నాయో లేదో తెలిసినవారితో చూపించండి. ముందు స్టేషన్‌కు చెప్పి కదలండి.

కృష్ణాతీరం:
ఎనిమిది నెలలుగా అమ్మ ఆ బీరువాకు రోజూ పసుపు కుంకుమ పెడుతోంది. ఆమెను చట్టం ఉల్లంఘించిన మనిషిగా చూడాలా? సరే, రేపే వెళతాను. మరి మూడింటిలో ఏది వదలాలి? తాతగారిది వదలలేను.

వకాల్తా:
రెండు దారులు ఉన్నాయి. ఒకటి, కుటుంబంలో మరో వారసులు, అంటే అమ్మగారో తోబుట్టువులో, రివాల్వరుకు తమ పేరున దరఖాస్తు చేసుకోవడం. మిగిలిన వారసులు అభ్యంతరం లేదని రాసి ఇవ్వాలి. రెండోది మీ .22. కేంద్రం గుర్తించిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి సాధనకు వాడే .22 రైఫిలుకు ఈ రెండింటి పరిమితి వర్తించదని 3వ సెక్షన్‌లోనే ఉంది.

ఒక్కమాట:
సభ్యత్వం ఇప్పుడు చెల్లుబాటులో ఉంటేనే.

వకాల్తా:
అవును. లైసెన్సులో ప్రయోజనం దగ్గర ఏమి రాశారన్నది కూడా చూడాలి.

కృష్ణాతీరం:
సభ్యత్వ రుసుము కట్టి పదేళ్లు దాటి ఉంటుంది. లైసెన్సులో స్వీయ రక్షణ, క్రీడ అని రెండూ ఉన్నాయి.

ఒక్కమాట:
అయితే కుదరదు.

వకాల్తా:
కుదరదని తేల్చలేం. సభ్యత్వం పునరుద్ధరించి, ఆ పత్రం జతచేసి మళ్లీ దరఖాస్తు పెట్టనివ్వండి.

ఒక్కమాట:
దరఖాస్తు నాటికి సభ్యుడు కాదు. వెనక్కి పంపుతారు.

మెట్టరైతు:
2020 ఫిబ్రవరిలో అంతర్జాతీయ పతకాలు తెచ్చినవారికి 12 తుపాకుల వరకు పెంచారు. వారు దేశానికి పేరు తెచ్చారు, కాదనను. కానీ నాలాంటివాడి గురించి, కృష్ణాతీరం గారి అమ్మగారి గురించి ఆ సభల్లో ఒక్కరైనా లేచి మాట్లాడారా?

వకాల్తా:
బిల్లు మొదట వచ్చినప్పుడు ఒక్కటే ఉండాలని రాశారు. అభ్యంతరాలు వచ్చాకే రెండు చేశారు. అడిగితే కదులుతుందనడానికి అదే సాక్ష్యం. మీ పార్లమెంటు సభ్యుడికి రాయండి.

మెట్టరైతు:
మూడు ఉన్నవాడి దగ్గర రెండు తీసుకోబోయి ఒకటి తీసుకున్నారు. దానికి నేను సంతోషించాలా? రాస్తాను, తప్పకుండా రాస్తాను. పంట రక్షణ లైసెన్సులను ఎన్నికల జమ నుంచి మినహాయించమని రాయాలంటే ఢిల్లీకి రాయాలా, ఎన్నికల సంఘానికి రాయాలా?

చరిత్రప్రియ:
కర్ణాటకలోని కొడగు ప్రాంతంలో అక్కడి కొడవ జాతివారికి, జమ్మా అనే వంశపారంపర్య భూముల రైతులకు లైసెన్సు నుంచే మినహాయింపు ఉంది. 2019లో దాన్ని 2029 దాకా పొడిగించారు. వారు తరతరాలుగా అడుగుతూనే ఉన్నారు కాబట్టి నిలిచింది. దీని గురించి వివరంగా ఇంకో చర్చ మొదలుపెడతాను.

కృష్ణాతీరం:
దుకాణంలో జమ అయింది, రసీదు వచ్చింది. అక్క రివాల్వరుకు దరఖాస్తు పెడతానంది. క్లబ్బువారు సోమవారం రమ్మన్నారు. అందరికీ కృతజ్ఞతలు.

మెట్టరైతు:
వకాల్తా గారూ, ఎవరికి రాయాలో చెప్పలేదు.